అరిగిన ఫోర్కు

"...ఎడం చెయ్యిరా, ఎడం చెయ్యి! నలుగురు చూస్తా ఉండగా ఎడం చేత్తో నా మోకాలు తోస్తావా?"

"గేరు ఎడం పక్కన పెట్టింది నేను కాదు బాబుగారూ. కుడి చేత్తోనే వెయ్యమంటే వేస్తా. అందాకా చక్రం మీరు పట్టుకోండి."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బెంచీ బెంచీకి పాకి చివరి వరస దాకా పోయింది. ముందు సీటులోని మనిషి తల తిప్పి చూశాడు. నవ్వు ఆగింది. ఆయన మొహం మాత్రం కారెంపూడిలో దిగేదాకా మామూలు కాలేదు.

బస్సు రొంపిచర్ల దాటి మెరక ఎక్కుతోంది. నడుపుతున్నది అబ్దుల్ జబ్బార్. పక్కన కూర్చున్నది గోపాలకృష్ణయ్య, కారెంపూడి వైపు పెద్ద ఆసామి. ఆ బస్సులో ముందు సీటు టిక్కెట్టు కొంటే వచ్చేది కాదు. మనిషి పెద్దరికాన్ని బట్టి వచ్చేది. గోపాలకృష్ణయ్య ఎక్కితే అందులో కూర్చున్న కరణం కూడా లేచి వెనక్కి పోయేవాడు. ఆయన ఒక మూలకు ఒదిగి కూర్చునే మనిషి కాదు. గేరు రాడ్డుకు అటొక కాలు, ఇటొక కాలు వేసి బార్లా కూర్చునేవాడు. రెండో గేరు పడాలంటే రాడ్డును ఎడమకు తెచ్చి వెనక్కి లాగాలి. సరిగ్గా ఆ చోట ఆయన మోకాలు ఉండేది. "అయ్యా, కాస్త..." అని జబ్బార్ అడిగితే ఒకసారి జరిపేవాడు, ఒకసారి వినపడనట్టు ఉండేవాడు. ఆ రోజు మెరక సగంలో ఇంజను ఆగిపోబోతుంటే అడిగే తీరిక లేక జబ్బార్ రాడ్డుతో పాటు మోకాలిని కూడా తోశాడు.

జబ్బార్ తండ్రి నరసరావుపేట స్టేషను ముందు జట్కా తోలేవాడు. గుర్రం చచ్చిపోయాక మళ్లీ గుర్రాన్ని కొనలేదు. కొడుకును గుంటూరులో ఒక లారీ డ్రైవరు దగ్గర వదిలిపెట్టాడు. జబ్బార్ ఆ లారీ కడిగి, టైర్లు మోసి, దెబ్బలు తిని పని నేర్చుకున్నాడు. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు లైసెన్సుతో పాటు ఆ డ్రైవరు నోరు కూడా తెచ్చుకున్నాడు. దారికి అడ్డమొచ్చిన ఎడ్లబండ్లను తిట్టేవాడు. చెయ్యెత్తి బస్సు ఆపి, తీరా ఆగాక ఎక్కాలా వద్దా అని ఆలోచించేవాళ్లను తిట్టేవాడు. తిడుతూనే దిగి ముసలివాళ్ల మూటలు తనే టాపు మీదికి ఎక్కించేవాడు. హారను పాడైతే షావుకారు రామబ్రహ్మం బాగుచేయించలేదు. "జబ్బారు ఉండగా దానికెందుకు ఖర్చు" అని ప్రయాణికులు హాస్యమాడుకునేవాళ్లు.

ఆ బస్సు రామబ్రహ్మానిది. అతనికి నరసరావుపేటలో మిరపకాయల గోడౌను ఉంది. యుద్ధం వచ్చి పెట్రోలుకు కరువు రాగానే అందరిలాగే అతనూ బస్సు వెనక బొగ్గు గ్యాసు డ్రమ్ము బిగించాడు. బొగ్గు మండితే వచ్చే గ్యాసుతో ఇంజను తిరిగేది గాని, పెట్రోలు నాటి బలంలో సగం కూడా ఉండేది కాదు. ఒకప్పుడు టాపు గేరులో ఎక్కిన మెరకలన్నీ ఇప్పుడు రెండో గేరులో ఎక్కాల్సి వచ్చింది. వాగు గట్లయితే ఒకటో గేరే. రోజంతా ఆ రెండు గేర్ల మధ్యే లాగి, తోసి, చివరికి లోపలి ఫోర్కు అరిగిపోయింది.

ఫోర్కు అంటే గేరు పెట్టె లోపల రెండు వేళ్లతో ఉండే ఇనుప ముక్క. డ్రైవరు పైన రాడ్డు లాగితే, లోపల ఆ రెండు వేళ్లు పళ్లచక్రాన్ని పట్టుకుని జరుపుతాయి. వేళ్లు అరిగితే చక్రం పూర్తిగా జరగదు, పళ్లు కొసల దగ్గరే కరుచుకుంటాయి. బరువు పడగానే జారి విడిపోతాయి. బస్సు అప్పుడు గేరు లేని బండి అవుతుంది. మెరక మీదయితే వెనక్కి దొర్లుతుంది.

వానాకాలం మొదట్లోనే జబ్బార్ ఈ సంగతి చెప్పాడు. "విదేశాల నుంచి ఓడలు రావటంలేదు, సామాను ఎక్కడ దొరుకుద్ది? యుద్ధం అయిపోనీ" అన్నాడు రామబ్రహ్మం.

"హిట్లరు దిగితే గాని నా గేరు పడదా షావుకారూ?" అన్నాడు జబ్బార్.

గుమాస్తాలు నవ్వారు. ఫోర్కు మాత్రం రాలేదు. అప్పటినుంచి జబ్బార్ మెరక ఎక్కేటప్పుడల్లా కుడి చేత్తో చక్రం పట్టుకుని, ఎడం చేత్తో గేరు రాడ్డును బిగబట్టి ఎక్కేవాడు. రాడ్డు పొడుగుది కాబట్టి పైన గట్టిగా పడితే లోపలి పళ్లు విడిపోకుండా ఆగేవి. ఇల్లు చేరేసరికి భుజం లాగేసేది. ఆ భుజం పట్టిన రోజు భార్య హజ్రా బీకి తిట్లు పడేవి. ఆమె వినీ విననట్టు నూనె గిన్నె తెచ్చి ముందు పెట్టేది.

మోకాలి గొడవ జరిగిన మర్నాడు రామబ్రహ్మం జబ్బార్‌ను గోడౌనుకు పిలిపించాడు. తిడతాడనుకుని జబ్బార్ మాటలు సిద్ధం చేసుకుని వెళ్లాడు. రామబ్రహ్మం తిట్టలేదు.

"గోపాలకృష్ణయ్య గారు ఈ ఏడు వేలంలో అడవి పాడుకుని బొగ్గు కాలుస్తన్నాడు. ఆయన బస్తాలు ఆపితే మన బండి షెడ్డులో కూచుంటది. నీకు తెలుసుగా?"

"తెలుసు."

"ఆయన కాళ్లు ముడుచుకోడు. నువ్వు చెప్తే అసలే ముడుచుకోడు. అందుకని రాడ్డే ముడుద్దాం."

జబ్బార్‌కు వెంటనే అర్థం కాలేదు.

"సుభానీతో మాట్లాడా. రాడ్డు ఊడదీసి, కాల్చి, నీ వైపుకి వంచుతాడు. ఇంక ఆయన మోకాలి జోలికి నీ చెయ్యి పోదు."

"వంచితే పొట్టిదవుద్ది షావుకారూ. పొట్టిదైతే నాకు పట్టు చిక్కదు. మెరక మీద గేరు ఊడుద్ది."

"ఊడకుండా నువ్వు పట్టుకోవాల. డ్రైవరువి నువ్వా, నేనా?"

బండ్లు బాగుచేసే సుభానీ రేకుల షెడ్డు స్టేషను రోడ్డులో ఉంది. జబ్బార్ వెళ్లేసరికే రాడ్డు కొలిమిలో ఎర్రగా కాలుతోంది. పక్క బల్ల మీద గుడ్డలో చుట్టిన ఒక ముక్క కనపడింది. విప్పి చూస్తే ఫోర్కు. రెండు వేళ్లూ నిండుగా ఉన్నాయి.

"ఇదెక్కడిదిరా?"

"ఎడ్లపాడు దగ్గర ఒక లారీ తిరగబడి పాడుపడి ఉంటే దాని పెట్టెలోంచి తీసుకొచ్చా. మన బండి జాతే. కాస్త ఆకురాయి పెట్టా, సరిపోద్ది."

"మరి వెయ్యవేంది?"

"షావుకారు వద్దన్నాడు భాయ్. ఫోర్కు వెయ్యాలంటే పెట్టె విప్పాల. రెండు రోజులు బండి ఆగుద్ది. కారెంపూడిలో బొగ్గు బస్తాలు పడి ఉండాయంట, వానొస్తే తడుస్తాయంట. రాడ్డు వంచటమయితే ఒక పూట."

జబ్బార్ బల్ల మీది సుత్తి అందుకున్నాడు. సుభానీ ఒక అడుగు వెనక్కి వేశాడు గాని పట్టుకారు వదల్లేదు.

"కొట్టేది నన్నా, ఇనుమునా? తొందరగా తేల్చుకో భాయ్. కాలింది ఆరిపోతంది."

జబ్బార్ సుత్తిని రేకు గోడకేసి విసిరాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి తొంగిచూశారు. సుభానీ వెళ్లి సుత్తి తెచ్చుకుని, ఏమీ జరగనట్టే రాడ్డును వంచాడు. అది డ్రైవరు సీటు వైపుకు తిరిగి గొడుగు పిడిలా తయారైంది.

మర్నాడు గోపాలకృష్ణయ్య ఎక్కి, వంగిన రాడ్డును చూసి, మీసం కింద నవ్వుకున్నాడు. కాళ్లు ఎప్పటిలాగే చాపుకున్నాడు. రాడ్డు తప్పుకోవటంతో కాళ్ల మధ్య జాగా మిగిలింది. నాలుగు రోజులు ఆ జాగా ఖాళీగా ఉంది. తర్వాత ఆయన నరసరావుపేటలో కూతురింటికి తీసుకుపోయే నెయ్యి డబ్బాను అక్కడ పెట్టటం మొదలుపెట్టాడు.

"బాబుగారూ, డబ్బా అక్కడొద్దు. ఒకటో గేరుకి రాడ్డు ముందుకి పోవాల."

"పోయినప్పుడు తీస్తాలే."

"నేను చెప్పేదాకా ఆగదు బండి."

"నాకు చెప్పటం నేర్చుకున్నావా మళ్లీ?"

జబ్బార్ పళ్లు బిగించి బండి తీశాడు. ఆ కోపం మీద, ఎక్కబోతున్న క్లీనరు జాన్ సాహెబ్‌ను కసిరాడు. జాన్ సాహెబ్ జబ్బార్ కన్నా పెద్దవాడు, ఒకప్పుడు జబ్బార్ తండ్రికి జట్కాలో సాయం వెళ్లినవాడు. బొగ్గు డ్రమ్ము చూసుకోవటం, మెరక మీద బండి ఆగితే వెనక చక్రం కింద చెక్క దిమ్మ పెట్టటం అతని పని.

"మామూ, నిన్న దిమ్మ ఆలస్యంగా పెట్టావు. కాళ్లు పట్టేసినాయా ఏంది? బండి జారగానే దూకాల!"

"దూకుతాలేరా" అన్నాడు జాన్ సాహెబ్.

ఎర్రవాగులో ఆ రోజు మోకాలి లోతు నీళ్లున్నాయి. కారెంపూడి నుంచి పేటకు వచ్చే దారిలో వాగు దాటగానే నిలువు గట్టు. నీళ్లలోంచి రాగానే తడిసిన బ్రేకులు కాసేపు పట్టవు. అది ఆ దారిన బండి నడిపే ప్రతి డ్రైవరుకూ తెలుసు. అందుకే నీళ్లు దాటి వేగం తగ్గకముందే రెండో గేరులో సగం గట్టు ఎక్కి, ఇంజను మూలగ్గానే ఒకటికి మార్చి మిగతా సగం ఎక్కాలి. జబ్బార్ రాడ్డును బిగబట్టాడు. వంగిన పిడి చెమట చేతిలో జారింది. లోపల పళ్లు కరకరమని విడిపోయాయి. ఇంజను ఒట్టిగా గుంయిమంది.

జబ్బార్ ఒకటో గేరుకు రాడ్డును ముందుకు తోశాడు. రాడ్డు నెయ్యి డబ్బాకు తగిలి ఆగింది.

"డబ్బా తియ్యి!" అని అరిచాడు. బాబుగారు అనలేదు, అండీ అనలేదు.

గోపాలకృష్ణయ్య డబ్బా మూత మీద చెయ్యి వేసి, నెయ్యి ఒలకకుండా ముందు నిలబెట్టి, తర్వాత ఎత్తాడు. అప్పటికి బస్సు వెనక్కి దొర్లుతోంది. బ్రేకు పట్టలేదు. వెనక నుంచి ఆడవాళ్ల కేకలు వినిపించాయి. జబ్బార్ చక్రం తిప్పి బస్సు వెనక భాగాన్ని గట్టు మట్టిలోకి గుచ్చాడు. బస్సు వాలి ఆగింది. ప్రయాణికులకు గీరుకుపోయిన దెబ్బలే తగిలాయి. జాన్ సాహెబ్ మాత్రం బండి జారగానే దిమ్మతో దూకాడు. దిమ్మ బురదలో జారింది. చక్రం అతని కుడి పాదం మీదుగా పోయింది.

జబ్బార్ అతన్ని ఎత్తుకుని గట్టు మీదికి తెచ్చేసరికి గోపాలకృష్ణయ్య అప్పటికే దిగి, డబ్బా చంకలో పెట్టుకుని, పంచెకు అంటిన మట్టి దులుపుకుంటున్నాడు.

"చెప్తే వినడు. వీడిది ముందునుంచీ మొరటు చెయ్యే" అన్నాడు, అక్కడ నిలబడ్డవాళ్లతో.

జబ్బార్ ఆయన మీదికి పోలేదు. చేతుల్లో జాన్ సాహెబ్ ఉన్నాడు.

పేట ఆసుపత్రిలో జాన్ సాహెబ్ పాదం ముందు భాగం తీసేశారు. మూడో రోజు పొద్దున జబ్బార్ వెళ్లేసరికి అతను మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గుడ్డ చుట్టిన కాలు వైపు చూడటంలేదు.

"షావుకారు మనిషొచ్చి పోయాడు" అన్నాడు. "నేను కునికిపాట్లు పడి మెట్టు మీంచి జారిపడ్డానంట. అట్టా చెప్పమన్నాడు. నువ్వు కూడా అట్టానే చెప్తావంట."

"నాతో ఎవరూ అనలా."

"అంటారులే. ఒరేయ్, మీ నాయన జట్కా వెనక మెట్టు మీద నిలబడి పోయేవాణ్ణి నేను. గుర్రం బెదిరినా పడలా. కాలు పోతే పోయింది. కునుకుతా పడ్డానని మాత్రం అనబాక."

జబ్బార్ గిరుక్కున తిరిగాడు. బయటికి వచ్చి ఆసుపత్రి గోడను కాలితో తన్నాడు. గోడకేమీ కాలేదు. అతను కుంటుకుంటూ ఇంటికి పోయాడు.

ఇంట్లో హజ్రా బీ సంగతంతా అంతకుముందే విని ఉంది. రామబ్రహ్మం ఆమెకు కూడా కబురు పంపాడు. జబ్బార్ ఆ ఒక్క మాట చెపితే సుభానీ దగ్గరున్న మంచి ఫోర్కు వేయిస్తాడు, రాడ్డు కూడా మళ్లీ సాపు చేయిస్తాడు. ప్రమాదం విచారించటానికి బ్రేకు ఇనస్పెక్టరు రేపు గుంటూరు నుంచి వస్తున్నాడు, ఆయన వచ్చేలోపు అంతా సిద్ధం కావాలి.

"ఏమంటావు?" అన్నాడు జబ్బార్.

"నేననేదేముంది? వానాకాలం నించీ ఆ ముక్క కోసమే ఏడిచావు. అది పడితే నువ్వు రోజూ బతికి ఇంటికొస్తావు. నాకది చాలు."

"మామూ సంగతో?"

"మామూ కాలు మళ్లీ మొలవదు. నీ కాళ్లన్నా ఉండనీ."

"నోరు ముయ్యి!" అని అరిచాడు. తర్వాత ఆమె మొహం చూసి అరుపు ఆపాడు. ఆమె చెప్పినదాంట్లో తప్పు అతనికి కనపడలేదు. కోపం మాత్రం తగ్గలేదు. ఎవరి మీద చూపించాలో తెలియక చెప్పులేసుకుని సుభానీ షెడ్డుకు పోయాడు.

షెడ్డులో బస్సు ఉంది. సుభానీ గేరు పెట్టె మూత బోల్టులు అప్పుడే విప్పి పక్కన పెట్టాడు. రామబ్రహ్మం కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. బల్ల మీద ఫోర్కు, ఈసారి గుడ్డలో కాదు, పైనే ఉంది. నూనె రాసి తుడిచినట్టు మెరుస్తోంది.

"రా జబ్బారూ. చూసుకో నీ ఫోర్కు. సంతోషమేనా?"

"ఇప్పుడు రెండు రోజులు బండి ఆగినా పర్లేదా షావుకారూ?"

"ఎట్టాగూ ఆగిందిగా."

"ఇనస్పెక్టరు వచ్చి అడిగితే ఏం చెప్తారు?"

రామబ్రహ్మం నవ్వాడు. "ఆయన పేరేంది? బ్రేకు ఇనస్పెక్టరు. బ్రేకు తొక్కి చూస్తాడు. ఎండలో ఆరిన బ్రేకు బ్రహ్మాండంగా పట్టుద్ది. ఇంక గేరు సంగతి ఆయనకెందుకు? ఒకవేళ చూసినా లోపల కొత్త ముక్క ఉంటది. బండి బాగుంది, డ్రైవరు బాగా నడిపాడు, క్లీనరు నిద్రపోయాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు."

"బండి బాగుంటే జారిందెందుకు అంటే?"

"దానికి నీ నోరుందిగా. జాన్ సాహెబు పడ్డాడని, వాణ్ణి చూసి ఆపబోయావని చెప్పు. నీ తప్పు లేకుండా నేను చూసుకుంటా. ఇట్టా కాదు, నువ్వు వేరే మాటలు మాట్లాడతానంటే మరి వంచిన రాడ్డుతో బండి తీసిందెవరు? నువ్వేగా? లైసెన్సు నీదేగా పోయేది?"

జబ్బార్ బస్సు దగ్గరికి వెళ్లి తెరిచి ఉన్న పెట్టెలోకి వంగాడు. నల్లటి నూనెలో అరిగిన ఫోర్కు కనపడింది. వేలు పెట్టి తడిమి చూశాడు. రెండు కొసలూ కత్తి అంచులా పలచబడి ఉన్నాయి. ఒకవైపు చిన్న ముక్క విరిగి పోయింది. ఇంతకాలం తన భుజంతో పట్టి ఆపింది దీన్నే. అతనికి ఒక్కసారిగా ఒళ్లు మండింది.

"సుభానీ."

"ఏంది భాయ్?"

"నువ్వు చెప్పు. నువ్వు అబద్ధం చెప్తావా, నిజం చెప్తావా?"

సుభానీ షావుకారు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "నన్నెవరు అడుగుతారు భాయ్? నేను ఇనుము పనివాణ్ణి. వెయ్యమంటే వేస్తా, తియ్యమంటే తీస్తా."

"అయితే విను." జబ్బార్ చేతులకంటిన నూనె చొక్కాకే తుడుచుకున్నాడు. గొంతు పెద్దదయింది. రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు ఆగారు. ఒకతను సైకిలు దిగాడు.

"జబ్బారూ, మెల్లగా" అన్నాడు రామబ్రహ్మం.

"మెల్లగా నాకు రాదు షావుకారూ, మీకు తెలుసుగా. మెల్లగా చెప్పిన రోజుల్లో మీరు యుద్ధం అయిపోనీ అన్నారు." అతను బల్ల మీది మంచి ఫోర్కు తీసి, సుభానీ చేతిలో పెట్టి, వేళ్లు మూశాడు. "ఇది వెయ్యబాక. పాతది పెట్టెలోంచి కదిలించబాక. మూత అట్టాగే తెరిచి ఉంచు. నేను ఇక్కడే కూచుంటా. రేపు ఇనస్పెక్టరు వస్తే బ్రేకు కాదు, ముందు ఈ పెట్టెలో చెయ్యి పెట్టి చూడమంటా. వంచిన రాడ్డుతో బండి తీసింది నేనేనని కూడా చెప్తా."